సంకీర్ణ సంఖ్యకు గణనయంత్రపు ద్వారము

కొత్తవలస జంక్షను నుండి బయలుదేరి, అనంతగిరి కొండలనెక్కి, అరకు లోయను దాటి, బైలదిలా ఇనుపగనుల చెంతనున్న కిరండూలు వరకు సుమారు 445 కిలోమీటర్లు సాగు రైలుమార్గము, జపాను దేశమునకు ఖనిజము పంపుటకై 1960వ దశకమున నిర్మింపబడి, 1980వ దశకపు తొలినాళ్లలో విద్యుదీకరింపబడినదన్న సంగతి ఈ ప్రాంతమున ఎల్లరెరిగినదే. ఆ మార్గముపై వ్రేలాడు తీగలలో ప్రవహించునది 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తు. దానికి సంబంధించిన ఏ రెండు రాశులను కూడవలెనన్నను, భాగింపవలెనన్నను, వాస్తవ సంఖ్య యొక్కటియే చాలదు. పరిమాణముతోపాటు దశను కూడ తనలో నిముడ్చుకొన్న సంకీర్ణ సంఖ్య కావలసియున్నది. అట్టి సంఖ్యను చేతిలోనిమిడెడి ప్రోగ్రామింగు కాలిక్యులేటరులోనికి ఏ మీటలతో, ఏ క్రమమున, ఏ రూపమున ప్రవేశపెట్టవలెనన్న ప్రశ్న పైకి అల్పముగా తోచును గాని, అర్ధశతాబ్దిగా యంత్ర నిర్మాతలు దానికి పరస్పర విరుద్ధములైన సమాధానములను చెప్పుచునే వచ్చిరి. ఆ సమాధానములను వరుసగా పరిశీలించి, వాటిలో నిలువదగినదేదో తేల్చుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ముందుగా లెక్క ఎట్టిదో చూతము. సబ్‌స్టేషను నుండి 20 కిలోమీటర్ల దూరమున పైతీగ తెగి పట్టాలపై పడినదనుకొందము. తీగ ఇంపీడెన్సు కిలోమీటరుకు 0.41∠70° ఓములనియు, సబ్‌స్టేషను ట్రాన్స్‌ఫార్మరుతో కూడిన మూలభాగపు రియాక్టెన్సు 4 ఓములనియు ఉదాహరణకు గైకొన్నచో, తీగభాగము 8.2∠70° అగును, దానికి జె4ను (గణితజ్ఞుల ఐ గుర్తునే విద్యుత్తు ఇంజనీర్లు జె అందురు) కలుపవలెను. కూడిక చేయవలెనన్న పరిమాణ కోణముల ధ్రువ రూపము పనికిరాదు గనుక, మొదటిదానిని వాస్తవ, కల్పిత భాగముల లంబ రూపమున 2.805 + జె7.706గా విడదీసి, రెండవదానిని చేర్చగా 2.805 + జె11.706 వచ్చును. ఫాల్టు ప్రవాహము కావలెనన్న దానితో 25,000 వోల్టులను భాగింపవలెను. భాగహారమునకు మరల ధ్రువ రూపమే సుఖము గనుక 12.04∠76.5° అని మార్చి భాగింపగా, సుమారు 2,077 ఆంపియర్ల ప్రవాహము, వోల్టేజి కంటె 76.5 డిగ్రీలు వెనుకబడి, లభించును. ఫీడరును కాపాడు మో రిలే సంకీర్ణ తలముపై మూలబిందువు గుండా పోవు నొక వృత్తమును గీచుకొని కూర్చుండి, తనకు కనబడు ఇంపీడెన్సు ఆ వృత్తములో పడినంతనే బ్రేకరును తెరపించును గనుక, దానిని అమర్చెడివారు ఈ రెండు రూపముల నడుమ రోజంతయు రాకపోకలు సాగింపవలసినదే. పుస్తకములలోను నామఫలకములపైనను ఇంపీడెన్సు ఒకచోట ధ్రువ రూపమునను, ఒకచోట లంబ రూపమునను కనబడుటచే, యంత్రము రెండింటిని సమానముగా ఆహ్వానింపనిచో మనుష్యుడే నడుమ దుబాసీ కావలసివచ్చును.

ఏకాంతర విద్యుత్తు లెక్కలలో ఈ సంఖ్యలను ప్రతిష్ఠించినవాడు ఛార్లెస్ స్టైన్‌మెట్జ్. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్సభకు ఆయన సమర్పించిన వ్యాసముతో, అవకలన సమీకరణముల అడవిలో తిరుగుచుండిన ఇంజనీర్లకు బీజగణితపు రాచబాట దొరకినది. బాట దొరకినను భారము తగ్గలేదు. రెండు సంకీర్ణ సంఖ్యల గుణకారమునకు నాలుగు సామాన్య గుణకారములు, రెండు కూడికలు తీసివేతలు కావలెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఫిల్టర్ల రూపకల్పనకై ఈ గుణకారములే పనిగా గణకులు దినమెల్ల కూర్చుండుటను చూచి, జార్జి స్టిబిట్జ్ టెలిఫోను రిలేలతో దీనికొరకే ఒక యంత్రమును కట్టించెను. 1940 సెప్టెంబరు 11న డార్ట్‌మత్ కళాశాలలో గణితవేత్తల సమావేశమున టెలిటైపు మీటలు నొక్కగా, న్యూయార్కులోనున్న ఆ యంత్రము తంతిమీదుగా సమాధానమును పంపెను. నార్బర్ట్ వీనర్ వంటివారు దానితో స్వయముగా ఆడి చూచిరి. దూరమునుండి యంత్రముతో లెక్క చేయించిన తొలి ప్రదర్శనలలో ఒకటిగా దీనిని చరిత్రకారులు కీర్తింతురు. నాకు ముఖ్యమైనది మరొకటి: యంత్రము పుట్టుకతోనే సంకీర్ణ సంఖ్యను ఒక్క సంఖ్యగా ఎరిగియుండెను. తరువాత వచ్చిన చేతి యంత్రములు ఆ విద్యను మరచి, మరల నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది.

1972లో వెలువడిన హెచ్‌పీ-35కు సంకీర్ణ సంఖ్యయన నేమో తెలియదు. మరుసటి యేట వచ్చిన హెచ్‌పీ-45లో ధ్రువ, లంబ రూపముల మార్పిడి మీటలు చేరినవి. విద్యుత్తు ఇంజనీర్లకు అదియే మహోపకారమైనది. 1974 నాటి హెచ్‌పీ-65తో ప్రోగ్రాము వ్రాసి అయస్కాంతపు పత్రముపై దాచుకొను సౌకర్యము కలిగినపుడు సంకీర్ణ గుణకారమును ప్రోగ్రాముగా వ్రాసికొనుట సాధ్యమైనది గాని, సంఖ్యలను ఒకదానిపై నొకటిగా పేర్చియుంచు నాలుగు మెట్ల స్టాకులో రెండు సంకీర్ణ సంఖ్యలు ప్రవేశించినచో నాలుగు మెట్లును నిండి, మూడవదానికి చోటు లేకుండెను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-59తో వచ్చిన మాస్టరు లైబ్రరీలోను, హెచ్‌పీ-41సి గణిత మాడ్యూలులోను సంకీర్ణ గణితపు ప్రోగ్రాములుండెను; అవియన్నియు సంఖ్యను రెండు ముక్కలుగా అడిగి, రెండు ముక్కలుగా ఇచ్చునవే. ఈ పరిపాటియే 1988 నాటి హెచ్‌పీ-32ఎస్ వరకును, దాని తరువాతి 32ఎస్-2 వరకును కొనసాగినది. అందు కల్పిత భాగమును ముందు కొట్టి, ఎంటర్ నొక్కి, వాస్తవ భాగమును తరువాత కొట్టవలెను. గుణకారపు మీటకు ముందు సంకీర్ణ సూచకపు మీటను నొక్కవలెను. వ్రాయునపుడు వాస్తవ భాగమును ముందు వ్రాసి, కొట్టునపుడు వెనుకనుండి ముందునకు కొట్టుమనుట యంత్రము లోపలి అమరికను మనుష్యుని నెత్తిపై రుద్దుట గాక మరేమి? స్టాకు అడుగు మెట్టులో వాస్తవ భాగముండవలెనన్న నియమము యంత్రమునకు మేలే గాని, దానిని పాటించు బాధ్యత వాడుకరిదెట్లగును?

ఇంతకు ఆరేండ్లు ముందే, 1982లో, హెచ్‌పీ-15సి మరియొక మార్గమును చూపియుండెను. ఈ యంత్రమును నేటికిని కొందరు ఇష్టదైవమువలె పూజించుచున్నారు. 2023లో దానిని మరల విడుదల చేయవలసివచ్చెననిన ఆ భక్తి ఎంతటిదో ఊహింపవచ్చును. నాలుగు మెట్ల వాస్తవ స్టాకునకు సమాంతరముగా కంటికి కానరాని కల్పిత స్టాకు నొకదానిని అది నెలకొల్పినది. వాస్తవ భాగమును కొట్టి ఎంటర్ నొక్కి, కల్పిత భాగమును కొట్టి, బంగారు వన్నె ఎఫ్ మీటను, ఆపైన ఐ మీటను నొక్కినంతనే రెండు భాగములును ఒకే మెట్టుపైకి చేరి, తెర మూలను సి అను అక్షరము వెలుగును. అటుపిమ్మట నాలుగు మెట్లలోను నాలుగు సంకీర్ణ సంఖ్యలు నిలువగలవు. కూడిక మీట కూడికగనే, గుణకారపు మీట గుణకారముగనే పనిచేయును. వర్గమూలములు, లాగరిథములు, త్రికోణమితి ప్రమేయములు అన్నియు సంకీర్ణముగనే వచ్చును. వాటి గణిత శుద్ధికి ఆచార్య విలియం కాహన్ వంటి మహామహుని సలహా తోడైనది. సంకీర్ణ ప్రమేయముల శాఖాఛేదములపై ఆయన 1987లో ప్రకటించిన వ్యాసము ఆ రంగమునకు ఇప్పటికిని ప్రమాణము.

ఇంతటి ఘనత కలిగినను 15సిలో ఒక కొరత కలదు. తెరపై ఒకేసారి ఒక భాగమే కనబడును. కల్పిత భాగమును చూడవలెనన్న ఎఫ్ మీటతో పాటు మరొక మీటను అదిమిపట్టి, వ్రేలు తీసినంతనే మాయమగు దృశ్యముతో సంతృప్తి చెందవలెను. ధ్రువ రూపమున సంఖ్యను ప్రవేశపెట్టవలెనన్న, పరిమాణమును, కోణమును లంబ భాగములే అన్నట్లుగా కొట్టి, ఐ మీటతో కలిపి, ఆపైన మార్పిడి మీటను నొక్కవలెను. అనగా క్షణకాలము స్టాకుపై 8.2 + ఐ70 అను నొక అసత్య సంఖ్య నిలుచును. ఆ క్షణమున దూరభాషిణి మ్రోగి లేచిపోయినవాని గతి చెప్పనక్కరలేదు. అంతేకాక, సంకీర్ణ మోడులో త్రికోణమితి ప్రమేయములు కోణమును ఎల్లప్పుడు రేడియనులలోనే గ్రహించును. రూపముల మార్పిడి మాత్రము వాడుకరి ఎన్నుకొన్న డిగ్రీలనో రేడియనులనో అనుసరించును. గణితశాస్త్రపు దృష్టిలో ఇది సమంజసమే. సంకీర్ణ సంఖ్యకు సైను కట్టునపుడు డిగ్రీకి అర్థము లేదు. కాని అదే తెరపై రెండు ధర్మములు నడచుచున్నవని గుర్తుంచుకొనుట వాడుకరి వంతు. కల్పిత స్టాకు కొరకు యంత్రము తన స్మృతిలో ఐదు రిజిస్టర్లను కైవసము చేసికొనుటయు ప్రోగ్రాములు వ్రాయువారికి ఆ రోజులలో చిన్న వెల కాదు.

1988లో హెచ్‌పీ-42ఎస్ వచ్చి, 15సి మొదలిడిన దానిని మరియొక మెట్టు ముందుకు నడపినది. ఇందు సంకీర్ణ సంఖ్య నిజముగా ఒకే వస్తువు: స్టాకులో ఒక మెట్టు, తెరపై ఒకే పంక్తిలో రెండు భాగములు. వాస్తవ, కల్పిత భాగములను వరుసగా కొట్టి కాంప్లెక్స్ మీటను నొక్కినచో అవి కలియును. అదే మీటను కలిసిన సంఖ్యపై నొక్కినచో అవి విడివడును. కలుపు ద్వారమును విడదీయు ద్వారమును ఒక్కటే చేయుట రూపకల్పనలో నాకు కనబడిన మిక్కిలి సొగసైన నిర్ణయము. ఋణ సంఖ్యకు వర్గమూలమడిగిన 15సి సామాన్య మోడులో లోపము చూపి నిలిచిపోవును. 42ఎస్ సంకీర్ణ ఫలితమును చేతికిచ్చును, వలదనువారికి వాస్తవ ఫలితములే చాలునను ఆజ్ఞను కూడ అందించును.

అయినను 42ఎస్ కాంప్లెక్స్ మీట చేయు పని మోడుపై ఆధారపడియున్నది. లంబ మోడులో 8.2, 70 అనునవి వాస్తవ, కల్పిత భాగములు; ధ్రువ మోడులో అవియే పరిమాణము, కోణము. చేతితో కొట్టువాడు తెరను చూచుచుండును గనుక సర్దుకొనును. ప్రోగ్రామునకు కన్నులు లేవు. ప్రోగ్రాములో సంకీర్ణ స్థిరాంకమును ఒక పంక్తిగా వ్రాయు వీలు 42ఎస్‌లో లేదు. రెండు సంఖ్యలను పంక్తులుగా వ్రాసి కాంప్లెక్స్ ఆజ్ఞను చేర్చవలెను. వాడుకరి ఏ మోడులో ఉన్నాడో తెలియదు గనుక ముందుగా లంబ మోడును విధింపవలెను. విధించినచో వాడుకరి మోడు చెడును. చెడకుండవలెనన్న దానిని మున్ముందుగా గుర్తుపెట్టుకొని, తుదకు తిరిగి నెలకొల్పవలెను. మూడు పంక్తుల పని పది పంక్తుల పనియగును. ప్రోగ్రామింగు కాలిక్యులేటరులో ప్రవేశ విధానమును పరీక్షింపదలచినవారు చేతివ్రేళ్ల సౌఖ్యమును గాక, ఆ మీటలే ప్రోగ్రాము పంక్తులైనపుడు అర్థము మారకుండ నిలుచునా అన్నదానిని ముందుగా చూడవలెనని నా మతము. ఆధునికులు 42ఎస్‌ను ఫ్రీ42 రూపమున కంప్యూటరులకును, స్విస్‌మైక్రోస్ వారు 2017లో డీఎం42 రూపమున చేతిలోనికిని మరల తెచ్చిరి. ఈ మోడు చిక్కు మాత్రము పూర్వాచారమువలె వెంట వచ్చినది.

ఆ చిక్కునకు విరుగుడు హెచ్‌పీ వారి యింటిలోనే, 1987 నాటి 28సిలోను 1990 నాటి 48ఎస్‌ఎక్స్‌లోను, ఉండెను. అందు సంకీర్ణ సంఖ్యను కుండలీకరణములలో జంటగా వ్రాయుదురు: (3,4). 48లో కోణపు గుర్తును రెండవ భాగమునకు ముందు పెట్టినచో, ఏ మోడులోనున్నను అది ధ్రువ రూపమే: (8.2,∠70). గుర్తు సంఖ్యలోనే ఉన్నది. మోడు కేవలము ప్రదర్శనకు సంబంధించినది. ప్రోగ్రాములో కూడ అది ఒక్క వస్తువుగనే నిలుచును. 1992 నాటి టీఐ-85 కూడ ఇదే బాటను పట్టినది. లోపమెక్కడ? కుండలీకరణపు మీటకు షిఫ్టు కావలెను, తరువాత మొదటి సంఖ్య, ఖాళీ, రెండవ సంఖ్య, ఎంటర్. చిన్న సంఖ్యకు పెద్ద వేషము. దశాంశ బిందువునకు బదులు కామాను వాడు దేశములలో విభాజకము సెమికోలనుగా మారవలసివచ్చుట మరొక ఇబ్బంది, అది మన దేశమును బాధింపదు.

ఇక మన విద్యార్థుల సంగతి. విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలోను, విజయనగరము చెంత చింతలవలసలోని ఎంవీజీఆర్ కళాశాలలోను చదువుకొను విద్యుత్తు శాఖ విద్యార్థి సంచిలో పైన చెప్పిన యంత్రములలో ఏ ఒక్కటియు కనబడదు. పరీక్షామందిరములలో ప్రోగ్రామింగు యంత్రములు సాధారణముగా నిషిద్ధములగుటచే, కాసియో వారి ఎఫ్‌ఎక్స్-991 వంశమే ఇక్కడ రాజ్యమేలుచున్నది. ఇంటర్మీడియటు రెండవ సంవత్సరమున సంకీర్ణ సంఖ్యలను, డిమోవర్ సిద్ధాంతమును కాగితముపై నేర్చిన పిల్లలు, యంత్రముపై ఆ సంఖ్యలను మొట్టమొదట కలిసికొనునది దీనిలోనే. 991ఎంఎస్‌లో సంకీర్ణ మోడులోనికి పోయినచో ఈఎన్‌జీ మీట ఐ మీటగా మారును. 3 + 4ఐ అని పుస్తకములోనున్నట్లే కొట్టవచ్చును. కోణపు గుర్తుతో ధ్రువ రూపమును కూడ కొట్టవచ్చును. ఇంతవరకు బాగున్నది. ఫలితము మాత్రము సగమే కనబడును. మిగిలిన సగమునకు షిఫ్టు, సమానము మీటలు నొక్కవలెను. పరీక్షల తొందరలో వాస్తవ భాగమును మాత్రమే వ్రాసి పేజీ త్రిప్పిన విద్యార్థులెందరో! తరువాతి 991ఈఎస్‌లో రెండు భాగములును ఒకేసారి కనబడుటచే ఆ బాధ తొలగినది.

కాసియో యంత్రములలో గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. వాటిలో 3 + 4ఐ అనునది సంఖ్య కాదు, ఒక సమాసము. కూడిక గుర్తు అందులో నిజమైన కూడికయే. అందుచే దానిని మరొక సంఖ్యతో గుణింపవలెనన్న కుండలీకరణములు తప్పవు. అవి మరచినచో యంత్రము ఏమియు అనక, తప్పు సమాధానమును ధైర్యముగా ఇచ్చును. 8.2∠70 లోని కోణపు గుర్తు మాత్రము గుణకార భాగహారముల కంటె ముందుగా పట్టు బిగించును గనుక, అది కుండలీకరణములు లేకయే ఒక్క సంఖ్యగా వ్యవహరించును. ఒకే యంత్రములో ఒకే సంఖ్యకు గల రెండు రూపములకు రెండు విధములైన మర్యాదలు! పైగా, సంకీర్ణ మోడులో సంకీర్ణ సంఖ్యకు సైనునో లాగరిథమునో అడిగినచో లోపసూచనయే ప్రాప్తించును. నేటి గేటు పరీక్షలో తెరపై ప్రత్యక్షమగు కాలిక్యులేటరులో సంకీర్ణ మోడే లేదు. అక్కడ విద్యార్థి 1972 నాటి ఇంజనీరు స్థితికి మరల చేరును.

2007లో హెచ్‌పీ వారు 35ఎస్ పేర మరల ప్రోగ్రామింగు యంత్రమును తెచ్చి, ఐ గుర్తునకు ప్రత్యేక మీటనిచ్చిరి. 3, ఐ, 4: మూడు నొక్కులతో సంఖ్య సిద్ధము. ఇంతకన్న లఘువైన ప్రవేశము మరెక్కడను లేదు. కాని లోపలికి పోయిన సంఖ్యను వాస్తవ, కల్పిత భాగములుగా విడదీసి బయటకు తెచ్చుటకు నేరుగా ఆజ్ఞ లేదు. పరిమాణమును, కోణమును తీసికొని త్రికోణమితితో మరల కట్టుకొనవలెను. 42ఎస్‌లో ఒక మీట చేసిన పనికి ఇక్కడ ఒక ప్రోగ్రాము కావలెను. సింహద్వారమును విశాలముగా తెరచి, పెరటి తలుపును కట్టుట మరచిన ఇల్లువంటిది.

ఇన్నింటిని తూచి చూడగా, సంకీర్ణ సంఖ్య ఒక సంఖ్యయా, రెండు సంఖ్యల జంటయా అన్న ప్రశ్నకు యంత్రము ఇచ్చుకొన్న సమాధానమే తక్కిన నిర్ణయములనన్నింటిని శాసించుచున్నదని తేలుచున్నది. ఒక సంఖ్యయని నమ్మినచో, ఋణగుర్తు, ఘాతపు మీట, చెరుపు మీట మొదలగునవి వాస్తవ సంఖ్యను కొట్టునపుడెట్లో అట్లే, అప్పుడు కొట్టుచున్న భాగముపైన పనిచేయవలెను. జె గుర్తు దశాంశ బిందువువలె సంఖ్య మధ్యలో కొట్టబడు చిహ్నము కావలెను. చెరుపు మీట జె గుర్తును దాటి వెనుకకు పోగలగవలెను. వాస్తవ భాగమేదియు లేక జె4 అని కొట్టినచో శూన్యమును యంత్రమే ఊహించుకొనవలెను. జె పక్కననే ∠ మీట ఉండవలెను. రెండింటిలో ఏది నొక్కబడినదో దానిని బట్టియే రూపము నిర్ణయింపబడవలెను. లంబ ధ్రువ మోడులు కేవలము తెరకే పరిమితము కావలెను. కోణపు ప్రమాణము డిగ్రీయో రేడియనో ప్రోగ్రాము పంక్తిలోనే నమోదు కావలెను. లేనిచో 70 డిగ్రీలని వ్రాసిన ప్రోగ్రాము మరొకని చేతిలో 70 రేడియనులుగా చదువబడి, రిలేను తప్పుదారి పట్టించును. పూర్తియైన సంఖ్యపై జె మీటను నొక్కినచో 42ఎస్‌లోవలె అది వాస్తవ, కల్పిత భాగములుగా విడివడవలెను. ∠ నొక్కినచో పరిమాణముగను, కోణముగను విడివడవలెను.

మన ఫీడరు లెక్కతోనే పరీక్షింతము. 25000 కొట్టి ఎంటర్, 8.2∠70 కొట్టి ఎంటర్, జె4, కూడిక, భాగహారము. మొత్తము 17 నొక్కులు, ఒక్క మోడు మార్పు లేదు. ఇదివరకే ధ్రువ మోడులోనున్న 42ఎస్‌పై, జె4ను తెలివిగా 4∠90గా భావించి కొట్టినను, 22 నొక్కులు తప్పవు. ఆ తెలివి లేనివాడు నడుమ మోడు మార్చుకొనుటకు మరికొన్నింటిని వ్యయము చేయును.

చిక్కల్లా మీటల చోటులో ఉన్నది. షిఫ్టు లేని రెండు మీటలను జె, ∠ గుర్తులకు ఇయ్యవలెనన్న రెండు పాత కాపురములను పై అంతస్తునకు పంపవలెను. 42ఎస్ మొదటి వరుసలో ఎడమ అంచున సాంఖ్యకశాస్త్రపు Σ+ మీట ఉన్నది. దానిని పంపుటకు నాకు సంకోచము లేదు. దాని పక్కనున్న 1/x జోలికి మాత్రము పోరాదు. సమాంతర ఇంపీడెన్సులను కట్టువాడు దానిపైననే బ్రతుకుచున్నాడు. రెండవదానికై పదియాధారపు లాగరిథము మీటను పై అంతస్తునకు పంపుదునన్నచో డెసిబెల్ లెక్కలు చేయు కమ్యూనికేషను ఇంజనీర్లు తప్పక కయ్యమునకు దిగుదురు. సహజ లాగరిథమును 10 యొక్క సహజ లాగరిథముతో భాగించుకొనుట వారికి క్రొత్త విద్య కాదు. కొండమార్గపు ఫీడరును చూచుకొనువాడు రోజుకు వందమార్లు కోణము కొట్టవలసియుండగా, వారికి షిఫ్టు నొక్కు నొకటి అదనమైనంత మాత్రమున నాకు జాలి కలుగదు.